ఎదుటివాడు మనకంటే బరువైనవాడైతే

నల్లగొండ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

బడిలో కరాటే నేర్పుతున్నారనీ, ఒడుపు తెలిస్తే ఎంతటి వస్తాదునైనా పడగొట్టవచ్చని మాస్టారు చెబుతున్నారనీ రాసి, అది నిజమేనా అని అడిగారు. అందులో సగమే నిజం.

ఒంటి బరువుకు విలువే లేకపోతే బాక్సింగులో, కుస్తీలో, జూడోలో ఆటగాళ్లను తూకం వేసి విడదీయవలసిన పని ఉండేది కాదు. మన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది 52 కిలోల విభాగంలో. అంతటి బాక్సరును కూడా పోటీలో 75 కిలోల బాక్సరుకు ఎదురు నిలపరు. నేర్పు సమానమైనప్పుడు బరువైనవాడి దెబ్బ బలంగా తగులుతుంది, చేయి పొడవైనవాడికి మన ముఖం ముందుగా అందుతుంది, మీద పడ్డాడంటే లేవడమే కష్టం.

అయితే 1993లో అమెరికాలోని డెన్వర్‌లో బరువు విభాగాలు లేకుండా జరిపిన మొదటి యూఎఫ్‌సీ (గుద్దులు, తన్నులు, కుస్తీపట్లు అన్నీ చెల్లే పోరు) పోటీలో, సుమారు 80 కిలోల బ్రెజిల్ జుజుత్సు యోధుడు రాయిస్ గ్రేసీ తనకంటే బరువైనవారిని ఓడించి గెలిచాడు. ఎదుటివాడిని నేలమీద పడేసి లొంగదీసే అతని పట్లు ప్రత్యర్థుల్లో చాలామందికి కొత్త. ఆ విద్య అందరికీ తెలుస్తున్న కొద్దీ బరువు మళ్లీ లెక్కకు వచ్చింది. 1997లో ఆ పోటీల్లోనూ విభాగాలు పెట్టారు. శిక్షణ లేనివాడి మీదనే శిక్షణకు ఎక్కువ పైచేయి అన్నమాట.

మీకు పనికివచ్చే ఒక మెళకువ చెబుతాను. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే చేతిని ఊరికే వెనక్కి గుంజకండి, ఆ గుంజులాటలో బలమున్నవాడిదే గెలుపు. పట్టుకున్నవాడి బొటనవేలికీ మిగతా వేళ్ల కొనలకూ మధ్యనున్న సందే ఆ పట్టులో బలహీనమైన చోటు కాబట్టి, మణికట్టు సన్నని అంచును ఆ సందువైపు తిప్పి, మీ మోచేతిని అతడి మోచేతి దిక్కుగా తోస్తూ, ఒంటి బరువంతా కలిపి ఒక్క ఊపున విడిపించుకోవాలి. తరగతిలో జతగాడు మొహమాటానికి వదిలేస్తాడు (ఆ మొహమాటమే అసలు శత్రువు). అలాంటి సాధన ఎంత చేసినా లాభం లేదు. భయంలో గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, సున్నితమైన కదలికలు తప్పుతాయి. అందుకే నాలుగైదు తేలిక మెళకువలనే, గట్టిగా పట్టుకునేవాడి మీద పదేపదే చేయాలి. దండాలు, బస్కీలు, పరుగు కూడా మానవద్దు, ఎందుకంటే ఒడుపుకు ఊతం కండబలమే.

పట్టు సడలగానే నిలబడి కొట్లాడకండి, కేకలు వేస్తూ జనమున్న దిక్కుకు పరుగెత్తి 112కు ఫోన్ చేయించండి. ఆత్మరక్షణ హక్కును భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు గుర్తించాయి గానీ, కాపాడుకోవడానికి అవసరమైనదానికి మించి హాని చేయడానికి ఆ హక్కు వర్తించదు. కిందపడినవాడిని తన్నడం ఆత్మరక్షణ కాదు.

ఈ ఆదివారం మీ మామయ్యను మణికట్టు నిజంగానే బిగించి పట్టుకొమ్మని అడిగి, విడిపించుకోగలిగారో లేదో ఉత్తరం రాయండి.

మీ తాతయ్య