ఇంటి ముందు పూల చెట్టు: అపోహలు - వాస్తవాలు

నల్గొండలో ఇళ్లకు మొక్కలు పెట్టే పని నాది. గృహప్రవేశానికి వారం ముందు ఫోన్ వస్తుంది: "అన్నా, మంచిగ పూసే చెట్టు ఒకటి పెట్టు." పువ్వు ఏ రంగో అడుగుతారు. పెరిగాక చెట్టు ఎంతవుతుందో అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: పూత మీదున్న మొక్క కొంటే ఢోకా లేదు.

వాస్తవం: అసలు చూడాల్సింది వేర్లు. ఒకాయన కవర్లోనే పూసిన దేవకాంచనం తెచ్చుకున్నారు. బ్లేడుతో కవరు చీరితే మట్టి కన్నా వేర్లే ఎక్కువ. అడుగున చిటికెన వేలంత వేరు రెండు చుట్లు తిరిగి ఉంది. అట్లాగే పాతితే ఆ చుట్టులోనే లావెక్కి, గట్టి గాలివానకు చెట్టు ఒరిగిపోతుంది. చుట్టు వేర్లు కత్తిరించి, పూలన్నీ తుంచేసి నాటాను. ఆయన ముఖం చిన్నబోయింది గానీ మొక్క బలం ముందు వేర్లకు పోవాలి. కవరు రంధ్రాల్లోంచి వేర్లు బయటికి పాకని, నడుమెత్తు మొక్క చాలు. పూత లేకపోయినా దిగులు వద్దు.

అపోహ: గుల్‌మొహర్ పెడితే నీడా, పూలూ రెండూ దొరుకుతాయి.

వాస్తవం: దొరుకుతాయి, కానీ బడి ఆవరణలో. 200 గజాల ఇంట్లో కాదు. గొడుగులా విస్తరించే చెట్టు అది. వేర్లు పైపైనే పాకి గచ్చును లేపుతాయి. ఎండాకాలపు గాలిదుమారానికి కొమ్మలు ఫెళ్లున విరుగుతాయి.

అపోహ: నీళ్లు ఎంత పోస్తే అన్ని పూలు.

వాస్తవం: రేల చెట్టును చూడండి. ఏప్రిల్, మే ఎండల్లో, ఆకు రాలిన కొమ్మలకు పసుపు గుత్తులు వేలాడతాయి. మహబూబ్‌నగర్ వైపు గుట్టల్లో దానికి ఎవరు నీళ్లు పోశారు? మొదటి రెండు ఎండాకాలాలు మాత్రం తప్పకుండా పోయాలి. తర్వాత కూడా లాన్‌తో పాటు రోజూ తడిపి, యూరియా వేస్తే ఆకే పెరుగుతుంది. గింజ నుంచి వచ్చిన రేల పూతకు కొన్నేళ్లు పడుతుంది, ఓపిక పట్టండి.

అపోహ: దేవగన్నేరు ఆకు రాల్చిందంటే చచ్చిపోయినట్టే.

వాస్తవం: చలికాలంలో ఆకు రాల్చడం దాని తీరు. బెరడు గోటితో గీకితే లోపల పచ్చగా ఉండి పాలు వస్తే బతికే ఉంది. దానికి అసలు శత్రువు నిలిచిన నీరు. నల్లరేగడిలో మొదలు కుళ్లిపోతుంది. నాటే ముందు రెండడుగుల గుంత తీసి నీళ్లు నింపండి. తెల్లారేసరికి ఇంకకపోతే మట్టి ఎత్తు చేసి, దాని మీద నాటాలి.

పచ్చగన్నేరు మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. చెట్టంతా విషమే, గింజలు మరీ ప్రమాదం.

స్థలం చిన్నదైతే నేను ఎక్కువగా చెప్పేది పారిజాతం. గేటు పక్కన కాకుండా పడకగది కిటికీ వైపు పెట్టించుకోండి. పూలు విచ్చేది రాత్రే. వాకిలి ఊడ్చే వేళకు అన్నీ నేల మీదే ఉంటాయి.