నీళ్లు ఎక్కువై పోయే ఇంటి మొక్కలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో నర్సరీ నడుపుతున్న ఈ పదిహేడేళ్లలో నేను గమనించినదేమిటంటే, ఇంట్లో అలంకరణకు మొక్క కొనుక్కుని వెళ్లినవారు రెండోసారి వచ్చేది చాలావరకు అదే మొక్కను స్కూటరు మీద కాళ్ల దగ్గర నిలబెట్టుకుని. మొక్క తల వేలాడేసి ఉంటుంది, అడుగు ఆకులు పసుపుబారి ఉంటాయి, తెచ్చినవారి ముఖంలో ఏదో తప్పు చేసిన భావం కనిపిస్తుంది. వారు చెప్పే మాట మాత్రం ప్రతిసారీ ఒకటే: "అన్నా, రోజూ నీళ్లు పోస్తానే ఉండాను, అయినా వాడిపోతా ఉంది." ఆ వాక్యంలో 'అయినా' అన్నచోట 'అందుకే' అని పెట్టి చదువుకుంటే జబ్బు ఏమిటో అక్కడికక్కడే తేలిపోతుంది.

అపోహ: మొక్క అన్నాక రోజూ నీళ్లు పోయాలి, వాడితే ఇంకొంచెం పోయాలి.

వాస్తవం: వేరుకు నీరు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఉండే సన్నని ఖాళీలు నీళ్లు పోసినప్పుడు నిండిపోయి, అదనపు నీరు కింద నుంచి కారిపోయాక మళ్లీ గాలితో నిండుతాయి. ముందు పోసిన తడి ఆరకముందే మరో చెంబు పోస్తూ ఉంటే ఆ ఖాళీలలో గాలికి చోటు ఉండదు. వేళ్లు ఊపిరాడక చచ్చుబడతాయి, అలా చచ్చుబడిన వేళ్లను పిథియం, ఫైటాఫ్తొరా వంటి కుళ్లు తెగుళ్లు పట్టుకుంటాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కాబట్టి, కుండీ నిండా తడి ఉన్నా పైన ఆకులు దాహంతో ఉన్నట్టే వేలాడతాయి. నీళ్లు చాలని మొక్క, నీళ్లు ఎక్కువైన మొక్క చూడటానికి ఒకే తీరుగా వాడటమే ఇందులో అసలు చిక్కు. ఆకును చూసి చెంబు అందుకునేవారు అక్కడే మోసపోతారు. ఆకు వాడి, మట్టి పొడిగా ఉండి, కుండీ ఎత్తితే తేలికగా వస్తే అది దాహం. ఆకు వాడి ఉన్నా మట్టి తడిగా, కుండీ బరువుగా ఉంటే అది కుళ్లు.

ఈ అలవాటు మనకు వాకిట్లో నుంచి వచ్చింది. పొద్దున్నే వాకిలి చల్లి, ముగ్గు వేసి, తులసికీ మల్లెకూ గోరింటకూ నీళ్లు పోయడం తరతరాలుగా మన ఇళ్లలో ఉన్న పద్ధతి, అందులో పొరపాటు కూడా ఏమీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మన ఎండకు బయటి కుండీ ఉదయం తాగిన నీటిని సాయంత్రానికి ఆవిరి చేసేస్తుంది. అదే చేయి అదే చెంబుతో హాలులోని మొక్క దగ్గరకు వెళ్లినప్పుడు కథ మారిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు దాదాపు 1,00,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, కిటికీకి దూరంగా సోఫా పక్కన 200 లక్స్ ఉండటం కూడా గొప్పే. మన కంటిపాప చీకటికి తగ్గట్టు పెద్దదవుతుంది కాబట్టి గది వెలుతురుగానే ఉన్నట్టు అనిపిస్తుంది, మొక్కకు ఆ వెసులుబాటు లేదు. వెలుతురు తగ్గిన మేరకు మొక్క తాగే నీరూ తగ్గిపోతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. వ్యాపారం మొదలుపెట్టిన ఏడాది యాత్రికులు దిగే ఒక లాడ్జికి ముప్ఫై పీస్ లిల్లీలు సరఫరా చేసి, కిటికీలు లేని ఏసీ వరండాలో వరుసగా పెట్టించి, అక్కడి పనివాళ్లకు "రోజూ తలా ఒక మగ్గు పోయండి" అని నేనే చెప్పి వచ్చాను. వారు నా మాటను ఒక్కరోజు కూడా తప్పలేదు. రెండు నెలలకు పంతొమ్మిది మొక్కలు పోయాయి, సగం డబ్బు తిరిగి ఇచ్చుకోవలసి వచ్చింది, మిగిలిన పదకొండింటిని ఆటోలో వెనక్కి తెచ్చుకుని నెలల తరబడి సాకాను.

అలంకరణ కోసం మనం చేసే ఏర్పాట్లు ఈ కుళ్లును మరింత తొందర చేస్తాయి. ఇప్పుడు వచ్చే ఇండోర్ మొక్కల్లో చాలా వాటి వేళ్ల చుట్టూ ఉండేది కోకోపిట్, అంటే కొబ్బరి పీచు పొట్టు; అది తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది, అయితే పైపొర మాత్రం ఫ్యాను గాలికి ఒక్క పూటలో ఎండిపోయి గోధుమ రంగుకు వస్తుంది. పైన పొడిగా ఉంది కదా అని పోస్తూ ఉంటే అడుగున ఊబి తయారవుతుంది. దానికి తోడు ఆ ప్లాస్టిక్ కుండీని అడుగున రంధ్రం లేని తెల్లని సెరామిక్ కుండీలో దింపి, పైన తెల్ల గులకరాళ్లు పరిస్తే లోపల ఏం జరుగుతున్నదో చూడటానికి దారే ఉండదు. కుండీ అడుగున రాళ్లు వేస్తే నీరు బాగా దిగుతుందన్నది కూడా అపోహే. సన్నని మట్టిలోని నీరు తాను పూర్తిగా నానేదాకా కింది పెద్ద రాళ్లలోకి దిగదు, కాబట్టి రాళ్ల వల్ల ఆ తడి పొర ఇంకాస్త పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది. కావలసింది రంధ్రం మాత్రమే.

మరి ఎప్పుడు పోయాలి అంటే, వెలిగి ఆరిపోయిన అగరుబత్తి పుల్లను కుండీ అంచు దగ్గర నాలుగు అంగుళాలు గుచ్చి, ఐదు నిమిషాలు ఆగి బయటకు తీయండి. పుల్లకు మట్టి అంటుకుని వస్తే ఆ రోజు చెంబు ముట్టుకోవద్దు. మా ఊరి వాతావరణంలో నా అనుభవం ప్రకారం పీస్ లిల్లీకి వేసవిలో నాలుగైదు రోజులకొకసారి, మనీప్లాంట్‌కు వారం నుంచి పది రోజులకు, స్నేక్ ప్లాంట్‌కూ జీజీ (ZZ) మొక్కకూ రెండు మూడు వారాలకు అవసరం పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు పట్టుకున్నప్పుడు ఈ చివరి రెండింటిని నెల రోజులు మరిచిపోయినా అవి ఏమీ అనుకోవు. జీజీ మొక్క మట్టి కింద దుంపల్లో నీరు దాచుకుంటుంది. రోజులు గుర్తు పెట్టుకోవడం మన సౌకర్యం కోసమే, పుల్ల చెప్పిందే లెక్క. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. "రోంత రోంత పోస్తే పోలా" అని అడిగేవారికి కూడా ఇదే జవాబు, ఎందుకంటే రోజూ అరగ్లాసు పోస్తే కుండీలో ఒకచోట ఎప్పుడూ బురదగా, మరోచోట ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది.

నీళ్ల తరువాత నన్ను ఎక్కువగా బాధపెట్టేది మొక్క పోతే ఇంటికి అరిష్టమన్న భయం. కొర్లగుంట నుంచి ఒక అమ్మ మనీప్లాంట్ పట్టుకుని వచ్చారు. ఇంటాయన టిఫిన్ అంగడి మూతపడిన నెలలోనే ఆకులు పసుపుబారడం మొదలైందట; పక్కింటివారు చూసి, మనీప్లాంట్ ఎండితే డబ్బు వెళ్లిపోతున్నట్టేనని చెప్పారట. ఆ రోజు నుంచి ఆమె పొద్దున, సాయంత్రం, చివరికి చిటికెడు పసుపు కలిపి కూడా నీళ్లు పోశారు. నేను కుండీని బల్ల మీద బోర్లించి తట్టగానే మురుగుకాలువ వాసన వచ్చింది. వేరును వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు జారి చేతికి వచ్చి, లోపల దారం లాంటి నార మిగిలింది. తీగ మీద మూడు కణుపులు మాత్రం ఇంకా గట్టిగా, పచ్చగా ఉన్నాయి. వాటిని బ్లేడుతో కోసి, ఆమె ఎదుటే హార్లిక్స్ సీసాలో నీళ్లలో వేసి, తూర్పు కిటికీలో పెట్టుకోమని, నీళ్లు వారానికొకసారి మార్చమని చెప్పాను. ఈ తీగ సొంత ఊరు పసిఫిక్ సముద్రంలోని మొరేయా అనే దీవి అనీ, మన ఇంటి జమాఖర్చులు దానికి తెలియవనీ కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు. మూడు వారాల తరువాత సీసాతో సహా వచ్చి, తెల్లగా అంగుళం పొడవున దిగిన వేళ్లను చూపించి, అప్పుడు నవ్వారు. మొక్క పసుపుబారింది అంగడి మూసినందుకు కాదు, దిగులుతో పోసిన నీళ్ల వల్ల. భయపెట్టినవారు మాత్రం మళ్లీ కనిపించరు.

దొంగిలించిన మనీప్లాంటే బాగా పెరుగుతుందన్న మాట గురించి నేను నిష్పక్షపాతంగా మాట్లాడలేను, మా ప్రహరీ మీద పాకిన తీగ చివర్లు వారానికొకసారి మాయమవుతుంటాయి. కొన్న తీగ ముక్కకూ తుంచుకున్న ముక్కకూ కణుపు ఒకటే, వేరు ఒకటే.

గాలిని శుభ్రం చేసే మొక్కలు కావాలని అడిగేవారికి ఒక మాట. 1989లో నాసా శాస్త్రవేత్తలు చేసిన పరీక్ష గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెల్లో జరిగింది. ఇల్లు అలాంటి పెట్టె కాదు. 2019లో అమెరికా పరిశోధకులు అటువంటి పరీక్షలన్నింటినీ లెక్కగట్టి చూస్తే, తలుపుల సందుల నుంచీ కిటికీల నుంచీ మామూలుగా జరిగే గాలి మార్పిడికి సమానం కావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, కొన్ని సందర్భాల్లో వెయ్యి దాకా కావాలని తేలింది. 'ఎయిర్ ప్యూరిఫయర్ మొక్కలు' అన్న బోర్డు ఒకప్పుడు నా నర్సరీలోనూ ఉండేది, తీసేశాను. రాత్రి పడకగదిలో మొక్క ఉంటే ఊపిరాడదన్న వదంతి దీనికి రెండో కొస. మొక్క రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ వదిలే మాట నిజమే గానీ, పక్కన పడుకున్న మనిషి వదిలేదాని ముందు అది లెక్కలోకి రాదు.

స్నేక్ ప్లాంట్‌కు పాములు రావు. ఆకు మీది చారల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. అలిపిరి వైపు, కొండ అంచు కాలనీల్లో పాములు వచ్చేది ఎలుకల కోసం. లక్కీ బాంబూ వెదురే కాదు, డ్రసీనా జాతి మొక్క. నీడ మొక్క అంటే చీకటి మొక్క అని అర్థం కాదు కాబట్టి కిటికీ లేని బాత్‌రూములో ఏ మొక్కా నిలవదు. ఈశాన్యమా ఆగ్నేయమా అని అడిగితే, ఏ కిటికీలో వెలుతురు ఉందని నేను ఎదురు అడుగుతాను. తూర్పు కిటికీ ఎండ మంచిదే, మే నెలలో పడమటి కిటికీ ఎండ మాత్రం ఆకును కాల్చేస్తుంది. వాడిన మొక్కకు ఎరువు వేయడం జ్వరంతో పడుకున్నవాడికి విందు వడ్డించినట్టే.

ఒక్క వదంతిలో మాత్రం సగం నిజం ఉంది. డిఫెన్‌బాకియా అనే అలంకరణ మొక్క ఆకు ముట్టుకుంటే పిల్లలు నిమిషంలో చనిపోతారని వాట్సాప్‌లో ఏటా తిరిగే సందేశం అబద్ధం. అయితే ఆ ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. సరిగా ఉడకని చేమగడ్డ తింటే గొంతు గీరుకుపోయేది కూడా ఈ సూదుల వల్లనే; రెండూ ఒకే కుటుంబం మొక్కలు, మనీప్లాంట్, పీస్ లిల్లీ కూడా అదే కుటుంబం. పాకే పిల్లలు ఉన్న ఇంట్లో వీటిని అందని ఎత్తులో పెట్టండి, పొరపాటున నమిలితే నోరు కడిగించి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.

వాడిపోయిన మొక్కను నర్సరీకి తెచ్చేవారికి ఒక విన్నపం ఉంది. బయలుదేరే ముందు మర్యాద కోసం అన్నట్టు చాలామంది చివరి చెంబు పోసి మరీ తెస్తారు. దారి పొడవునా స్కూటరు మీద బురద నీళ్లు కారతాయి, ఇక్కడ కుండీ విప్పబోతే తడిసిన మట్టి బరువుకు మిగిలిన నాలుగు మంచి వేళ్లు కూడా తెగిపోతాయి. నీళ్లు పోయకుండా తీసుకురండి.