ఎర చేపకు రోగ పరీక్ష ఎందుకొచ్చింది?

కర్నూలులో తుంగభద్ర ఒడ్డున కొర్రమీనుకో వాలుగకో గాలం వేసేవాళ్ల పక్కన పాత పెయింట్ డబ్బా ఒకటి ఉంటుంది. అందులో ఎరకోసం బతికున్న పరిగెలు, అంటే చిన్న చేపలు. వీపు దగ్గర కొక్కేనికి గుచ్చి వదిలితే అది కొట్టుకుంటుంది, ఆ అలికిడికి పెద్ద చేప వస్తుంది. పొద్దువాలాక మిగిలిన పరిగెలను నీళ్లతో సహా నదిలో గుమ్మరించి ఇంటికి పోతారు. ఇందులో తప్పేముందని మనకు అనిపిస్తుంది. అమెరికాలో ఈ గుమ్మరించడం మీదే పెద్ద గొడవ నడిచింది.

అక్కడ ఎర చేపలు పెద్ద వ్యాపారం. అర్కాన్సాస్‌లో వాటి కోసమే చెరువులు తవ్వి పెంచుతారు, లారీల్లో రాష్ట్రాలు దాటిస్తారు. 2005, 2006లో అమెరికా, కెనడాల మధ్య ఉన్న పెద్ద సరస్సులు గ్రేట్ లేక్స్‌లో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. చర్మం మీద, మొప్పల్లో నెత్తుటి మచ్చలు. కారణం వీహెచ్‌ఎస్ అనే వైరస్. మనుషులకు సోకదు, చేపలను మాత్రం వదలదు. మిగిలిన ఎరను గుమ్మరిస్తే దాంతోపాటు ఈ వైరస్ కొత్త నీళ్లలోకీ చేరుతుందని భయం. 2006 అక్టోబరులో అమెరికా కేంద్ర వ్యవసాయ శాఖ ఎనిమిది రాష్ట్రాల నుంచి 37 రకాల బతికున్న చేపల రవాణాపై ఆంక్షలు పెట్టింది. న్యూయార్క్ రాష్ట్రం ఇంకో అడుగు వేసింది: ఎర అమ్మాలంటే రోగం లేదన్న సర్టిఫికెట్ ఉండాలి, కొన్నవాడి జేబులో రసీదు ఉండాలి. ఆ రసీదు గడువు కూడా రోజుల్లోనే తీరిపోతుంది.

పరీక్ష లెక్క ఇలా ఉంటుంది. నూటికి ఐదు చేపలకు రోగం ఉందనుకుందాం. 60 చేపలు తీసి చూస్తే కనీసం ఒక్కటైనా దొరికే అవకాశం 95 శాతం. వాటి కిడ్నీ, ప్లీహం ముక్కలను ల్యాబ్‌లో కణాల మీద పెట్టి వైరస్ పెరుగుతుందేమో వారాల తరబడి చూస్తారు. అన్నాళ్లూ మిగతా సరుకు తొట్టెల్లోనే. చెరువులో పెంచేవాడు ఓర్చుకోగలడు. వాగులో వల వేసేవాడికి మాత్రం నేటి పట్టు వేరు, రేపటి పట్టు వేరు, దేనికని పరీక్ష చేయిస్తాడు? చిన్నవాళ్లకు ఈ నిబంధన గట్టి దెబ్బేనని నా ఉద్దేశం. 2014లో అక్కడి కేంద్రం తన ఆంక్షలు ఎత్తేసింది, రాష్ట్రాల నిబంధనలు మిగిలాయి.

వీహెచ్‌ఎస్ చల్లటి నీళ్ల జబ్బు, కర్నూలు ఎండల్లో బతకలేదు. మన జబ్బు మనకుంది. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో కనబడిన పుండ్ల రోగం (ఈయూఎస్) కొన్నేళ్లకే ఆంధ్ర చెరువులకూ చేరింది. చలికాలంలో కొర్రమీను ఒంటి మీద ఎర్రమచ్చ లేచి, కండ లోపలిదాకా గుంట పడేది. పుండు చూసి చేపలు కొనేవాళ్లే లేకపోయారు. కొందరు సున్నం చల్లారు, భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా తయారుచేసిన సీఫాక్స్ మందు వాడినవాళ్లూ ఉన్నారు. తర్వాత 2006లో మన రాష్ట్రం ఆక్వా సీడ్ (చేప, రొయ్య పిల్లల) నాణ్యత చట్టం తెచ్చింది, 2013లో దేశవ్యాప్తంగా జలచరాల రోగాలపై నిఘా మొదలైంది. ఆ చూపు పిల్లలను పుట్టించే హేచరీల మీద, చెరువుల మీద. పెయింట్ డబ్బా దాకా రాలేదు.

రానక్కర్లేదు కూడా, పట్టిన నీళ్లలోనే వదిలినంత కాలం. న్యూయార్క్‌లోనూ అలాంటి ఎరకు సర్టిఫికెట్ అడగరు. ఊరి చెరువులో పట్టిన పరిగెలను బైకు మీద తెచ్చి తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ దగ్గర గుమ్మరిస్తేనే చిక్కు. అక్కడి నీళ్లు కేసీ కాలువ వెంట కడప దాకా పోతాయి.