కట్టె ఎండిందా? నెర్రెలు చూసి నమ్మకండి

కార్తీక మాసంలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి తిరుపతిలో జరిగింది. మండపం వెనక వంటకి గాడిపొయ్యి తవ్వారు. ముందురోజు సాయంత్రం అడితి నుంచి ట్రాక్టరులో కట్టెలు దిగాయి. తుమ్మ కొంత, మామిడి కొంత. వంట మాస్టరు రెండు మామిడి కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూశాడు. ఇంకో రెండు తీసి మళ్ళీ కొట్టాడు. "సార్, ఇది ఇంకా పచ్చిగా ఉండాది. దీంతో అన్నం ఉడికేలోపల మా కండ్లు పోతాయి" అన్నాడు. కట్టెల కొసలు నెర్రెలు విచ్చి ఉన్నాయి, నాకైతే బాగా ఎండినట్టే కనబడ్డాయి. తెల్లవారుజామున ఆయన మాటే నిజమైంది. ఒక కొస పొయ్యిలో మండుతుంటే రెండో కొస నుంచి బుసబుసమంటూ నురగ కారింది. వంటవాళ్ళందరూ తువ్వాళ్ళు ముక్కుకి కట్టుకుని పనిచేశారు.

ఆ నురగ నన్ను చాలా రోజులు వదల్లేదు. మంట ఒక కొసన ఉంటే నీళ్ళు రెండో కొసన ఎందుకు కారాలి?

చెట్టు వేరు నుంచి ఆకు దాకా నీళ్ళు మోసే సన్నని గొట్టాల కట్ట లాంటిది కట్టె. ఆ గొట్టాలన్నీ నిలువుగా ఉంటాయి. మంట వైపు నీళ్ళు ఆవిరై లోపల ఒత్తిడి పెరిగితే, మిగిలిన నీళ్ళు ఆ గొట్టాల దారినే చల్లని కొసకి తోసుకొస్తాయి. కట్టె ఆరేటప్పుడు కూడా దారి ఇదే. పక్కలకంటే కొసల నుంచి తేమ చాలా రెట్లు వేగంగా పోతుంది.

కట్టెలో నీళ్ళు రెండు రకాలుగా ఉంటాయి. గొట్టాల బోలులో నిలిచి ఉండేవి ఒకటి, గొట్టాల గోడల్లోనే ఇంకి అతుక్కుని ఉండేవి రెండు. బోలులో నీళ్ళు ముందు పోతాయి. అవి పూర్తిగా పోయేసరికి కట్టెలో తేమ సుమారు 30 శాతానికి దిగుతుంది. ఇక్కడిదాకా కట్టె బరువు తగ్గుతుందే గాని కుంచించుకుపోదు, గట్టిపడదు. గోడల్లో నీళ్ళు పోవడం మొదలయ్యాకే కట్టె కుంచించుకుంటుంది, బిరుసెక్కుతుంది, కొడితే ఖణేల్‌మంటుంది. తడి కట్టెలో నీళ్ళు ఆ అదురుని మింగేస్తాయి కాబట్టి దబ్‌మని మొద్దు చప్పుడు వస్తుంది. వంట మాస్టరు చెవి వింటున్నది ఈ తేడానే.

నెర్రెల సంగతీ ఇక్కడే తేలుతుంది. కొస ముందుగా ఆరుతుంది, ముందుగా కుంచించుకుంటుంది, మధ్య భాగం ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ లాగులాటలో కొస చీలుతుంది. అంటే నెర్రె చెప్పేది కొస ఆరిందని మాత్రమే. రెండడుగుల మొద్దు మధ్యలో ఏముందో అది చెప్పలేదు. నేను మోసపోయింది అక్కడే.

పచ్చి కట్టె వల్ల నష్టమెంత? లెక్క వేసి చూస్తే నేను అనుకున్నట్టు రాలేదు. 10 కిలోల పచ్చి కట్టెలో సగం నీళ్ళే అనుకుందాం. మిగిలిన 5 కిలోల కట్టె పూర్తిగా మండితే దాదాపు 92 మెగాజౌల్స్ వేడి వస్తుంది. 5 కిలోల నీళ్ళని 30 డిగ్రీల నుంచి కాచి ఆవిరి చేయడానికి దాదాపు 13 మెగాజౌల్స్ కావాలి. అంటే నీళ్ళు తినేసేది ఏడో వంతే. మరి అంత పొగ, అంత ఆలస్యం ఎందుకు?

అసలు కట్టె కట్టెగా మండదు. వేడికి అది 250, 300 డిగ్రీల దగ్గర విచ్చిపోయి వాయువులు వదులుతుంది, మంటగా మనకి కనబడేది ఆ వాయువులే. నీళ్ళున్నంతసేపు కట్టెలో ఆ భాగం 100 డిగ్రీలు దాటడం కష్టం. పైన పొర మాత్రం మండుతుంటుంది, లోపలి నుంచి ఆవిరి వచ్చి ఆ మంటని చల్లబరుస్తుంటుంది. వాయువులన్నీ శుభ్రంగా కాలాలంటే పొయ్యిలో 600 డిగ్రీల పైచిలుకు వేడి ఉండాలి. అది లేకపోతే సగం కాలిన వాయువులు, తారు తుంపరలు, కార్బన్ మోనాక్సైడ్ పైకి లేస్తాయి. కళ్ళు మండించే పొగ అదే. దానితో పాటు పోయేది మనం డబ్బిచ్చి కొన్న ఇంధనం. నీళ్ళు దోచుకునే ఏడో వంతు కంటే, కాలకుండా పోయేదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఎందుకంటే అది ముందు వండేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. గాలిలో సన్నని ధూళి కణాలు ఏడాది సగటున ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. పచ్చి కట్టె పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు పీల్చే గాలి ఆ హద్దుకి ఎంతో పైన ఉంటుంది.

చిత్తూరు పక్క బెల్లం వండే రైతులకి ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. గానుగ నుంచి వచ్చిన చెరకు పిప్పి బరువులో దాదాపు సగం నీళ్ళే. దాన్ని పక్క పొలంలో పరిచి ఎండబెట్టి, అదే పిప్పిని పెనం కింద పొయ్యికి వేస్తారు. మబ్బు పట్టి పిప్పి ఎండకపోతే వంట సాగదు.

పొయ్యికి కట్టె 20 శాతం తేమ కంటే తక్కువలో ఉండాలంటారు. ఈ శాతం దగ్గర ఒక చిక్కుంది. 5 కిలోల కట్టె, 5 కిలోల నీళ్ళు ఉంటే మొత్తం బరువులో తేమ 50 శాతం. ఎండు కట్టె బరువుతో పోలిస్తే మాత్రం 100 శాతం. కలప వాళ్ళు, తేమ మీటర్లు వాడేది ఎక్కువగా రెండో లెక్క. ఇక్కడ నేను కట్టె తేమకి చెప్పే 30, 20 లాంటి శాతాలూ ఆ లెక్కలోవే. ఎవరైనా శాతం చెప్తే అది ఏ లెక్కో అడిగి తీరాలి.

మీటరంటే రెండు సూదులున్న చిన్న పరికరం. ఎండిన కట్టె కరెంటుని దాదాపు పోనివ్వదు, తేమ పెరిగేకొద్దీ ఆ అడ్డు వేల, లక్షల రెట్లు పడిపోతుంది. ఆ తేడానే అది శాతంగా చూపిస్తుంది. సూదులు కొసకో బెరడుకో గుచ్చితే దొంగ లెక్క వస్తుంది. కట్టెని అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మధ్యలో గుచ్చాలి. 30 శాతం దాటాక మీటరు చూపే అంకెని పెద్దగా నమ్మక్కర్లేదు, పచ్చిదని తెలుసుకుంటే చాలు.

మీటరు లేనివాళ్ళకి తక్కెడ ఉంది, నాకు అదే ఇష్టం. కట్టె మధ్యలోంచి ఒక సన్నని ముక్క కోసి తూచాలి. 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి మళ్ళీ తూచాలి. 200 గ్రాములు 160 అయిందంటే పోయిన నీళ్ళు 40 గ్రాములు. 40ని 160తో భాగిస్తే 25 శాతం, అంటే ఇంకా కొన్నాళ్ళు ఆగాలి. కొసకి సబ్బు నురగ రాసి రెండో కొస నుంచి ఊదితే బుడగలు వస్తే ఎండినట్టు అని ఒక పరీక్ష ఉంది. కొన్ని చెట్ల చేవలో గొట్టాలు బంకతో మూసుకుపోయి ఉంటాయి, ఎండినా గాలి దూరదు. అందుకే దాని మీద నాకు నమ్మకం తక్కువ.

ఎండబెట్టడంలో గొడ్డలికి మించిన సాయం లేదు. మందం సగమైతే ఆరే సమయం దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. చీల్చిన కట్టెలు నేలకి తగలకుండా రెండు దుంగల మీద పేర్చి, పైన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదలాలి. టార్పాలిన్‌తో చుట్టూ మూసేస్తే లోపల ఆవిరికి దారి ఉండదు. వానాకాలంలో కట్టె ఎండదని చాలామంది ఆశ వదిలేసుకుంటారు. కట్టె ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో రాజీపడుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్నా, కప్పు కింద కట్టె చివరికి 16 శాతం దగ్గర ఆగుతుంది. గాలిలో తేమ 40కి పడిపోయిన వేసవి రోజుల్లో 7, 8కి దిగుతుంది. వానల్లో ఆలస్యమవుతుంది, అంతే. ఎండిన కట్టె మీద ఒక వాన పడినా కంగారు అక్కర్లేదు. ఆ తడి పైపైనే ఉంటుంది, కొన్ని రోజుల్లో ఆరిపోతుంది. చెట్టు నుంచి వచ్చిన నీళ్ళే నెలలు తీసుకుంటాయి.

పెళ్ళిలో మిగిలిన మామిడి కట్టెలు మా అమ్మ నీళ్ళ పొయ్యికి తెచ్చుకుంది. చీల్చి రేకుల కింద పేర్చాము. వాటిలో ఒకదాని మీద బొగ్గుతో బరువు రాశాను, డిసెంబరు మొదట్లో 2.4 కిలోలు. ప్రతి ఆదివారం తూచి దాని కిందే రాస్తూ వచ్చాను. ఫిబ్రవరి ఆఖరుకి 1.7 అయింది. తర్వాతి రెండు ఆదివారాలూ అదే 1.7. మూడో వారం అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది. కొస నుంచి చుక్క కారలేదు.