స్పార్క్ వస్తోంది కదా అంటారు! ప్లగ్ వైర్ క్రింపింగ్: అపోహలు - వాస్తవాలు

బండి మిస్సింగ్ కొడుతోందని వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే కొత్త ప్లగ్ వేసి ఉంటారు. కొందరైతే స్పార్క్‌కి కావాల్సిన ఎక్కువ వోల్టేజి పుట్టించే కాయిల్ కూడా మార్చేసి వస్తారు. మరి కాయిల్ నుంచి ప్లగ్‌కి కరెంటు తెచ్చే ప్లగ్ వైర్ సంగతేంటని అడిగితే, "అది నేనే ఇంట్లో వేసుకున్నానండీ, స్పార్క్ బ్రహ్మాండంగా వస్తోంది" అంటారు. వైర్ కొసకి టెర్మినల్ అనే లోహపు ముక్కని నొక్కి బిగించడమే క్రింపింగ్. దాన్ని ఇంట్లో చేసుకోవడం మీద నాకే అభ్యంతరమూ లేదు. ఒళ్లు మండేది ఆ రెండో ముక్క వినే.

అపోహ: స్పార్క్ కంటికి కనిపిస్తే క్రింపింగ్ బాగున్నట్టే.

కానే కాదు. ప్లగ్ ఊడదీసి ఇంజిన్‌కి ఆనించి కిక్ కొట్టినప్పుడు మీరు చూసేది బయటి గాలిలో వచ్చే స్పార్క్. 0.7 మి.మీ. గ్యాప్ దూకడానికి అక్కడ సుమారు మూడు నాలుగు వేల వోల్టులు చాలు. అదే ప్లగ్‌ని సిలిండర్‌లో బిగించి, కంప్రెషన్ మీద త్రాటిల్ తిప్పితే పది వేలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కావాలి. టెర్మినల్‌కీ వైర్ లోపల కరెంటు మోసే కోర్‌కీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా స్పార్క్ దాన్ని దూకేస్తుంది, మీకేమీ తెలియదు. కానీ దూకిన ప్రతిసారీ కార్బన్ కోర్ కొస కొంచెం కాలుతుంది, ఖాళీ ఇంకొంచెం పెరుగుతుంది. ఈలోగా రబ్బరులో ఎక్కడైనా పగులు దొరికిందా, కరెంటు ప్లగ్ వైపు వెళ్లడం మానేసి నేరుగా ఇంజిన్‌లోకి దిగిపోతుంది. అందుకే బండి స్టాండు మీద చక్కగా ఆడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు చచ్చిపోతుంది.

దీనికంతటికీ మూలం కటింగ్ ప్లయర్. ప్లయర్‌తో నొక్కితే టెర్మినల్ అప్పడంలా చదునైపోతుంది: ఒక పక్క వదులు, ఇంకో పక్క దాని చెవులు, అంటే మడిచే రేకులు, రబ్బరుని కోసుకుంటూ లోపలిదాకా దిగిపోతాయి. అసలు పద్ధతి వేరు. కార్బన్ కోర్ వైర్ అయితే, కోర్‌కి గాటు పడకుండా కొసన 12 నుంచి 15 మి.మీ. రబ్బరు తీసేయాలి. బయటపడ్డ కోర్‌ని వెనక్కి మడిచి, వైర్ పైతొక్క మీద పడుకోబెట్టాలి. టెర్మినల్ అడుగుభాగం సరిగ్గా ఆ మడత మీద కూర్చోవాలి. చెవులు రెండో వైపు నుంచి గుండ్రంగా లోపలికి తిరిగి తొక్కని పట్టుకోవాలి, అంతేగాని లోపలిదాకా పొడవకూడదు. ఆ గుండ్రటి తిరుగుడు రావాలంటే ప్లగ్ వైర్‌కని చేసిన పళ్లున్న క్రింపింగ్ ప్లయరే కావాలి. 7, 8, 8.5 మి.మీ. వైర్లకి వేర్వేరు గాళ్లుంటాయి, మీ వైర్‌కి సరిపోయేదాంట్లోనే పెట్టండి. రాచెట్ రకమైతే పూర్తిగా నొక్కేదాకా నోరు తెరవదు, కొత్తవాళ్లకి అదే మంచిది. అన్నట్టు, టెర్మినల్‌ని కప్పే రబ్బరు తొడుగు, అదే బూట్, ముందే వైర్‌కి ఎక్కించుకోండి. అంతా అయ్యాక గుర్తొస్తే ఏడుపే.

పరీక్ష కూడా కంటితో కాదు. ముందు టెర్మినల్ పట్టుకుని గట్టిగా లాగండి. తర్వాత మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి రెండు కొసలకీ ఆనించి, టెర్మినల్ దగ్గర వైర్‌ని అటూ ఇటూ వంచండి. కార్బన్ కోర్ అయితే కిలో ఓమ్స్‌లో చూపిస్తుంది, రాగి అయితే దాదాపు సున్నా. అంకె ఎంతన్నది తర్వాతి సంగతి, వంచినప్పుడు అది గెంతకూడదు.

బండి మీదే బతుకుతెరువున్న కుర్రాడొకడు వచ్చాడు. చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, వేడెక్కితే మిస్సింగ్. కార్బ్యురేటర్ కడిగించాడు, ప్లగ్, కాయిల్ మార్చాడు, ఇక స్పార్క్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె, సీడీఐ, పోయిందని ఎవరో చెబితే దానికి డబ్బులు చూసుకుంటున్నాడు. మొహంలో టెన్షన్ కనిపిస్తూనే ఉంది, బండి ఆగితే ఆరోజు పని లేనట్టే. మీటర్ పెట్టి వైర్ వంచాను. రీడింగ్ ఎగిరిపోయింది. టెర్మినల్ విప్పి చూస్తే కోర్ కొస మసిబారి ఉంది, గోటితో తాకితే పొడిపొడిగా రాలింది. కాలిన ముక్క కోసేసి, కొత్త టెర్మినల్ వేసి నొక్కి పంపాను. వెళ్తూ వెళ్తూ, "అన్నా, ఆ కాయిల్ తిరిగిస్తే తీసుకుంటారంటావా?" అన్నాడు. ఏం చెప్పను.

అపోహ: క్రింపింగ్ కంటే సోల్డరింగ్ గట్టిది.

కార్బన్ కోర్‌కి సీసం అసలు అంటుకోదు. రాగి పోగులకి అంటుకుంటుంది గానీ, లోపలికి పాకి వైర్‌ని బిర్రుగా చేస్తుంది. ఆ బిర్రు ఆగిన చోటే వైబ్రేషన్‌కి విరుగుతుంది.

అపోహ: ఏ వైర్‌కైనా ఏ క్యాప్ అయినా పడుతుంది.

టెర్మినల్ కొనేముందు, ప్లగ్ మీద కూర్చునే క్యాప్ లోపలికి టార్చి వేసి చూడండి మహాప్రభో. చాలా బైక్ క్యాపుల్లో క్రింపింగే ఉండదు, లోపలున్న స్క్రూ రాగి పోగుల్లోకి దిగుతుంది. దాన్ని కార్బన్ కోర్‌లోకి తిప్పితే పీచు పీచైపోతుంది. ఇలాంటి క్యాప్ వదులైతే, లేదా రాగికి ఆకుపచ్చ చిలుము పడితే, వైర్ పొడవు సరిపోతుందనుకుంటే కొస 5, 6 మి.మీ. కోసి మళ్లీ తిప్పి బిగించండి. అంతే, ఏ టూలూ అక్కర్లేదు.

లావు వైర్ వేస్తే పికప్ పెరుగుతుందంటారు. పెరగదు. ఎన్ని వోల్టులు కావాలో తేల్చేది ప్లగ్ గ్యాప్, కంప్రెషన్, అంతేగాని వైర్ లావు కాదు. బూట్‌లో రాసే డైఎలక్ట్రిక్ గ్రీజు కరెంటుని బాగా పంపిస్తుందన్నదీ తప్పే. అది కరెంటుని ఆపే పదార్థం, తడి లోపలికి రాకుండా పల్చగా రాస్తాం.

ఇక భయపడేవాళ్ల ప్రశ్న: షాక్ కొడుతుందా? ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసేసి పనిచేస్తే కొట్టదు, నిశ్చింతగా చేసుకోండి. ఇంజిన్ ఆడుతుండగా మాత్రం వైర్ ముట్టుకోవద్దు. ఉలిక్కిపడి చెయ్యి వేడి సైలెన్సర్‌కి తగిలించుకున్నవాళ్లని చూశాను. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. స్పార్క్ చూడాలనుకుంటే ప్లగ్ లోహం ఇంజిన్‌కి గట్టిగా ఆనాలి, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఉండాలి. అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. వైర్‌ని గాలిలో వేలాడదీసి కిక్ కొడితే కాయిల్, సీడీఐ దెబ్బతినొచ్చు.

కొన్ని బండ్లలో వైర్ కాయిల్‌తో కలిపే పోతపోసి ఉంటుంది, దాన్ని లాగి పీకాలని చూడకండి. ప్లగ్ మీదే కాయిల్ కూర్చునే బండ్లయితే అసలు వైరే ఉండదు.