పొంటియానాక్: బిడ్డ పేరు తల్లికెలా వచ్చింది?

మలేసియాలో పొంటియానాక్ అనే ఆడదయ్యం సినిమా తెర మీదికొచ్చిన ప్రతిసారీ పాత గొడవ మళ్లీ రాజుకుంటుంది. ఇదంతా 'ఖురాఫాత్' అని, విశ్వాసాన్ని చెడగొట్టే మూఢనమ్మకమని మతపెద్దల్లో కొందరు అంటారు. ఆ దయ్యం కూడా ఒకప్పుడు ఆడమనిషే, ఆమెకేం జరిగిందో చెప్పనివ్వండని అవతలివాళ్లు అడుగుతారు. అరటిచెట్టు, దేవగన్నేరు వాసన, బోర్నియోలో ఆ పేరుతోనే ఉన్న నగరం... ఇవన్నీ చాలామంది రాసినవే. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 1957 దగ్గర ఆగాలి.

అంతకుముందు, పాత రాతల్లో కొన్నిటిలోనైనా, పొంటియానాక్ అంటే తల్లి కాదు, బిడ్డ. బ్రిటిష్ అధికారి వాల్టర్ స్కీట్ 1900లో అచ్చువేసిన 'మలయ్ మ్యాజిక్'లో చచ్చిపుట్టిన బిడ్డ దయ్యానికి ఆ పేరుంది. దయ్యమైన తల్లి పేరు లాంగ్సుయర్. అందగత్తె. బిడ్డ దయ్యమైపోయిందన్న మాట చెవిన పడగానే చేతులు చరిచి, సకిలిస్తూ ఎగిరిపోయి చెట్టెక్కిందట. ఆమెది ఆకుపచ్చ బట్ట, చీలమండల దాకా జుట్టు. ఆ జుట్టు వెనక, మెడ మీద రక్తం పీల్చే కన్నం.

పురిట్లో పోయిన మనిషి లాంగ్సుయర్‌గా మారకుండా ఏం చేసేవారో కూడా స్కీట్ రాశాడు. అరవకుండా నోట్లో గాజుపూసలు పోస్తారు. చేతులు రెక్కల్లా ఆడించకుండా చంకల్లో చెరొక కోడిగుడ్డు పెడతారు. అరచేతుల్లో సూదులు పెడతారు. నిన్నటిదాకా నొప్పులు పడిన మనిషికి, ఆమె శవానికి, ఇంత పని! బాలింత మంచం కింద ఇనుపముక్క పెట్టడం చూసిన మనకు ఈ భయం కొత్తేమీ కాదు. అప్పట్లో పురుడంటే చావుబతుకుల మధ్య సంగతి. 1957 నాటికి కూడా మలయాలో (ఇప్పటి మలేసియాలో భాగం) లక్ష కాన్పులకు దాదాపు 280 మంది తల్లులు చనిపోయేవారు.

సరిగ్గా ఆ ఏడాదే, ఏప్రిల్ 27న, సింగపూర్‌లో కాథే-కెరిస్ కంపెనీ 'పొంటియానాక్' విడుదల చేసింది. దర్శకుడు మన దేశం నుంచి వెళ్లిన బి.ఎన్.రావు, హీరోయిన్ మరియా మెనాడో. ఆమె వేసిన పాత్ర చోమెల్. గూనితో పుట్టి, అందరూ ఈసడించుకున్న ఆ పిల్ల మంత్రబలంతో అందగత్తె అవుతుంది. అయితే రక్తం రుచి చూడకూడదన్నది షరతు. మొగుణ్ని పాము కరిస్తే బతికించుకోవాలని విషం పీల్చేస్తుంది. నాలుక మీద రక్తం పడుతుంది. అంతే, దయ్యమైపోతుంది.

నా లెక్కలో మొత్తం మలుపు ఇక్కడే ఉంది. బిడ్డ పేరు ఎదిగిన ఆడదానికి అంటుకుంది. పురిటి చావు కథలోంచి జారిపోయింది. సినిమా బాగా ఆడింది. ఆ ఏడాదే దానికి కొనసాగింపు వచ్చింది, పేరు 'దెండం పొంటియానాక్'. దెండం అంటే పగ. లాంగ్సుయర్ దుఃఖం అలా పగగా మారింది. తర్వాత ఏళ్లలో ఈ దయ్యం తెల్లబట్టలో స్థిరపడిపోయింది, మెడలో మేకు దిగ్గొడితే అణిగి ఇల్లాలిగా కాపురం చేస్తుందన్నది అందరి నోళ్లలో పడింది. స్కీట్ నాటి ఉపాయం వేరు. గోళ్లు, జుట్టు కత్తిరించి మెడలోని కన్నంలో కుక్కితే ఆమె ఏళ్ల తరబడి కాపురం చేసేది, పిల్లల్ని కనేది. ఊరి సంబరాల్లో ఒక్కసారి ఆడనిచ్చారో, అడవిలోకి ఎగిరిపోయేది.

డెబ్బైల తర్వాత మలేసియాలో దాదాపు మూడు దశాబ్దాల పాటు దయ్యాల సినిమాలు చాలావరకు ఆగిపోయాయి. 2004లో షుహైమి బాబా అనే దర్శకురాలు 'పొంటియానాక్ హారుం సుందల్ మలాం'తో ఆ తలుపు తెరిచింది. మతపెద్దల అభ్యంతరం అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. అయితే వాళ్లు తప్పుపడుతున్న తెల్లబట్ట దయ్యాన్ని పెంచింది పల్లె నమ్మకం కంటే సినిమా హాలే ఎక్కువ. అవతలివాళ్లు అడిగేది అంతకంటే పాతది, కాన్పులో పోయిన తల్లి కథ.

రావు తీసిన మొదటి రెండు సినిమాల ప్రింట్లు ఇవాళ లేవు. 1958 నాటి మూడోది, 'సుంపా పొంటియానాక్', ఒక్కటే మిగిలింది.