ఆఖరి మ్యాచ్‌కు వెళ్లే ముందు

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

సీజన్ ముగింపుకొచ్చింది, మీకు ఇష్టమైన ఆటగాడు ఇక ఆడనని ప్రకటించాడు. బ్యానర్ ఎలా చెయ్యాలి, ఎప్పుడు లేచి నిలబడాలి, ఆయనకు ఉత్తరం రాస్తే చేరుతుందా అని మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు అడిగారు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవాళ్లకు ఈ ఆటే కొత్త. అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆట సంగతి నాలుగు మాటల్లో. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను అక్కడ అందరూ ఫుటీ అంటారు. మైదానం కోలగా ఉంటుంది. మీరు టీవీలో బాక్సింగ్ డే టెస్టు చూసే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లోనే చలికాలమంతా ఈ ఆట నడుస్తుంది. జట్టుకు 18 మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండు పొడుగాటి స్తంభాల మధ్య నుంచి బంతిని తంతే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే 1. ఇరవై నిమిషాల క్వార్టర్లు నాలుగు. మధ్యలో గడియారం ఆపిన సమయం కూడా కలిస్తే ఒక్కో క్వార్టర్ అరగంట దాకా సాగుతుంది. ఒళ్లంతా తగిలేలా ఢీకొనే ఆట, క్రికెట్‌లోలా ప్యాడ్లూ హెల్మెట్లూ వేసుకోరు. మోకాళ్లు, భుజాలు, తొడ కండరాలు ఏదో ఒకటి దెబ్బతింటూనే ఉంటుంది.

అందుకే అక్కడ ఆటగాడు ఎన్ని గోల్స్ వేశాడన్నదానికంటే ఎన్ని మ్యాచ్‌లు ఆడాడన్నదానికే జనం ఎక్కువ గౌరవం ఇస్తారు. ఒక క్లబ్బుకు 100 మ్యాచ్‌లు ఆడిన తండ్రి ఉంటే, డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, ఆయన కొడుకును తీసుకునే ప్రత్యేక అవకాశం ఆ క్లబ్బుకు దక్కుతుంది. 300 ఆడితే ఈ ఆట పెద్ద లీగ్ అయిన ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) జీవితకాల సభ్యత్వం ఇస్తుంది. ఇప్పుడు లీగ్ దశలో ఒక జట్టుకు ఏడాదికి 23 మ్యాచ్‌లు. ఒక్కటీ వదలకుండా ఆడినా 300 చేరడానికి పదమూడేళ్లు పైగా పడుతుంది, గాయాలు కలిస్తే ఇంకా ఎక్కువ. రిచ్‌మండ్ ఆటగాడు డస్టిన్ మార్టిన్ 300వ మ్యాచ్‌కు, 2024 జూన్ 15న, ఎంసీజీకి 92,311 మంది వచ్చారు. అది ఫైనల్ కాదు, మామూలు లీగ్ మ్యాచ్. ఆ తర్వాత ఆయన మరో రెండే ఆడి, 302 దగ్గర ఆగిపోయాడు. జనానికి ఆ జూన్ మ్యాచే వీడ్కోలు అయింది.

బ్యానర్ మీద అంకె రాసేటప్పుడు జాగ్రత్త. ఆటగాడి మ్యాచ్‌ల లెక్కలో లీగ్ మ్యాచ్‌లూ, లీగ్ దశ తర్వాత టైటిల్ కోసం జరిగే ఫైనల్సూ వస్తాయి, సీజన్ ముందు ఆడే సన్నాహక మ్యాచ్‌లు రావు. క్లబ్బు మారిన ఆటగాడైతే మొత్తం ఒకటి, మీ క్లబ్బుకు ఆడినవి ఇంకొకటి. ఏది రాస్తున్నారో ముందే తేల్చుకోండి. తప్పు అంకె ఉన్న బ్యానర్ కంటే అసలు అంకె లేని బ్యానర్ నయం.

ఇక బ్యానర్ దగ్గరికి వద్దాం. పెద్ద క్లబ్బులకు చీర్ స్క్వాడ్ ఉంటుంది. గోల్ స్తంభాల వెనక కూర్చుని, క్రేప్ పేపర్‌తో చేసిన పెద్ద పెద్ద కుచ్చులు ఊపేది వాళ్లే. జీతం తీసుకునేవాళ్లు కారు, అభిమానులే. మ్యాచ్‌కు ముందు ఒక పెద్ద హాలు నేల మీద కాగితాలు పరిచి, టేపుతో అతికించి, అక్షరాలు కోసి, చుట్ట చుట్టి స్టేడియానికి తెస్తారు. మైదానంలో స్తంభాలకు కట్టి పైకి లేపాక ఆటగాళ్లు దాన్ని చీల్చుకుంటూ పరిగెత్తుకొస్తారు. గంటల తరబడి చేసిన పని కొన్ని క్షణాల్లో ముక్కలైపోతుంది. చీల్చడానికే చేస్తారు కాబట్టి ఎవరూ బాధపడరు. నా దృష్టిలో ఈ ఆటలో అభిమానులు చేసే పనులన్నిటిలోకీ అందమైనది ఇదే. డబ్బు పెట్టి కొనుక్కొచ్చేది కాదు, మళ్లీ వాడుకోవడానికి దాచేదీ కాదు.

మీరు చెయ్యాల్సింది అంత పెద్దది కాదు. మీ పిల్లల క్లబ్బులో కోచ్‌కో, పెద్ద ఆటగాడికో వీడ్కోలు చెప్పడానికి నాలుగు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు చాలు. క్రేప్ పేపర్ అంటే మన వినాయక చవితి పందిళ్లకు కట్టే ముడతల కాగితమే. అక్కడి దుకాణాల్లో 50 సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవున్న మడతలు దొరుకుతాయి. వాటిని నిలువుగా పక్కపక్కన ఎనిమిది పరవండి. అంచు మీద అంచు రెండు సెంటీమీటర్లు ఎక్కించి అతికిస్తే సుమారు 3.86 మీటర్ల వెడల్పు వస్తుంది. అక్షరాలకు ఇంకో రంగువి నాలుగు, చిరిగితే అతుకు వెయ్యడానికి రెండు. పార్సిళ్లకు అంటించే వెడల్పాటి పారదర్శక టేపు, 75 మీటర్ల చుట్టలు రెండు కావాలి.

ఈ కాగితానికి ముడతలు ఉండబట్టి పొడవు వైపు సాగుతుంది. నిలువుగా వేలాడదీస్తే సొంత బరువుకే కిందికి జారి, అక్షరాలు వంకరపోతాయి. అందుకని ప్రతి అతుకు మీదా పై నుంచి కింది దాకా, రెండు వైపులా టేపు వెయ్యాలి. ఆ తర్వాత అడ్డంగా అర మీటరుకొక వరస. పై అంచును పది సెంటీమీటర్లు మడిచి, లోపల సన్నటి తాడు పెట్టి అతికిస్తే బరువంతా తాడు మీద పడుతుంది, కాగితం మీద పడదు.

చాలామంది పొరపాటు చేసేది నడుమ భాగంలో. గాలికి ఆగాలని అక్కడ కూడా గట్టిగా టేపు బిగిస్తారు. టేపు పొడవునా లాగితే తెగదు. పరిగెత్తుకొచ్చిన పిల్లవాడి మెడకో, చేతికో చిక్కుకుని కింద పడేస్తుంది. నడుమ ఒకటిన్నర మీటర్ల వెడల్పున, నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తు దాకా అడ్డ వరసలు అసలే వద్దు. అక్కడి నిలువు అతుకులకు అయిదేసి సెంటీమీటర్ల ముక్కలు, మధ్యమధ్య ఖాళీ వదిలి అంటించండి చాలు. కింది అంచున తాడు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి, కాళ్లకు తగులుతుంది.

అక్షరాలు నలభై సెంటీమీటర్ల ఎత్తుంటే యాభై మీటర్ల దూరంలో ఉన్నవాళ్లు కూడా సుఖంగా చదువుతారు. ఆ లెక్కన వరసకు పన్నెండు అక్షరాలకు మించి పట్టవు. చీలే భాగంలో రాయకూడదు కాబట్టి పైన రెండు వరసలే మీ చేతిలో ఉంటాయి. పేరు, మ్యాచ్‌ల సంఖ్య, ఒక చిన్న మాట. లేత రంగు క్రేప్ గుండా వెనకవైపు ముదురు అక్షరాలు తిరగేసి కనిపిస్తాయి, అందుకని వెనక కూడా రాయాలనుకుంటే అక్షరం మీద అక్షరం సరిగ్గా కూర్చోబెట్టండి. వెనక వైపు చదివేది పరిగెత్తబోయే ఆటగాడు ఒక్కడే. ఆయనకు మాత్రమే చెప్పాలనుకున్న మాట అక్కడ రాయండి.

తడి తగిలితే ఈ కాగితం మెత్తబడి ఊడిపోతుంది, రంగు కూడా దిగి బట్టలకు అంటుకుంటుంది. వానొచ్చేలా ఉంటే చుట్టను ప్లాస్టిక్ సంచిలోనే ఉంచండి. గాలి ఇంకా పెద్ద శత్రువు. గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే ఈ సైజు బ్యానర్‌ను దాదాపు 60 కిలోల బరువంత బలంతో తోస్తుంది. గాలి వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలవుతుంది. మూడు మీటర్ల వెదురు గెడలు రెండు తీసుకోండి, ప్లాస్టిక్ పైపులు వంగిపోతాయి. గెడకు ఇద్దరు, ప్రతి గెడకూ ముందొకటి వెనకొకటి లాగి పట్టే తాళ్ల దగ్గర ఒక్కొక్కరు, మొత్తం ఎనిమిది మంది. వీళ్లలో పెద్దవాళ్లు సగమైనా ఉండాలి. ఆటగాళ్లు బయటికొచ్చే దాకా లేపొద్దు. ముందే లేపిన బ్యానర్లే ఎక్కువగా చిరిగిపోతాయి. అయిపోయాక ముక్కలన్నీ ఏరేయాలి, తడి గడ్డి మీద కాగితం అడుగుకింద పడితే జారుతుంది.

మ్యాచ్ నడుస్తుండగా ఇంకో మర్యాద ఉంది. ఆటగాడి జెర్సీ మీద ఏ నంబరుందో ఆ నిమిషానికి స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టడం. 4వ నంబరైతే నాలుగో నిమిషం, తేలికే. 37 అయితే? మామూలుగా క్వార్టర్ అంతసేపు సాగదు. దీనికి సిడ్నీ అభిమానులు 2015 ఆగస్టు 1న ఒక దారి కనిపెట్టారు. మూడో క్వార్టర్, ఏడో నిమిషం. సిడ్నీ క్రికెట్ గ్రౌండ్ లేచి నిలబడింది. ఆ 37వ నంబరు సిడ్నీ ఆటగాడు ఆడమ్ గుడ్స్‌ది. ఆ రోజు ఆయన మైదానంలో లేడు.

ఆయన ఎందుకు లేడో మీకు తెలియాలి. గుడ్స్ ఆస్ట్రేలియా మూలవాసి. 372 మ్యాచ్‌లు ఆడాడు. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ 2003లో, 2006లో, రెండుసార్లు గెలిచాడు. సిడ్నీకి 2005, 2012 టైటిళ్లు గెలిపించిన జట్లలో ఉన్నాడు. 2014లో దేశం ఆయన్ను ఆ ఏటి మేటి ఆస్ట్రేలియన్‌గా ఎంచుకుంది. అంతకు ముందు ఏడాది, 2013 మే నెలలో, గ్యాలరీలోంచి పదమూడేళ్ల అమ్మాయి ఒకతి ఆయన జాతిని కించపరిచే మాట అంటే, ఆయన ఆగి వేలెత్తి చూపించాడు. మర్నాడు మాత్రం ఆ పిల్లను నిందించొద్దు, ఆమెకు అండగా ఉండండి అని కోరాడు. అయినా ఆ తర్వాత ఊరూరా స్టేడియాల్లో ఆయన బంతి ముట్టుకున్నప్పుడల్లా కొందరు ఊళలు వేశారు. 2015లో అది నెలల తరబడి సాగింది. చివరికి ఆయన కొన్ని రోజులు ఆటకు దూరంగా వెళ్లిపోయాడు. ఆ ఖాళీకి జవాబే ఆ ఏడో నిమిషం చప్పట్లు.

ఆయన తిరిగొచ్చి ఆడాడు, ఆ సెప్టెంబరులోనే సెమీఫైనల్ ఓడిన రాత్రి ఆట మానేశాడు. ఏటా టైటిల్ తేల్చే గ్రాండ్ ఫైనల్ రోజున ఆ ఏడు రిటైరైనవాళ్లను వాహనాల్లో ఎంసీజీ చుట్టూ తిప్పుతారు, జనం లేచి చేతులూపుతారు. గుడ్స్ ఆ ఊరేగింపుకు రానన్నాడు. 2019లో ఏఎఫ్‌ఎల్, 18 క్లబ్బులు కలిసి ఆయనకు క్షమాపణ చెప్పాయి. 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంటామంటే అదీ వద్దన్నాడు. ఆట నడుస్తున్న రోజుల్లో దక్కని మర్యాదను తర్వాత ఎంత పెద్ద సన్మానంతోనూ పూడ్చలేకపోయారు. అవతలి జట్టు ఆటగాడు బంతి పట్టినప్పుడు మీ చుట్టూ ఊళలు మొదలైతే మీరు గొంతు కలపకండి. నోరు మూసుకుని కూర్చోవడానికి కూడా ధైర్యం కావాలి, అది మీకుంది.

ఆట ముగిశాక సైరన్ మోగగానే లేచి వెళ్లిపోకండి. అసలు మర్యాద అప్పుడే మొదలవుతుంది. రెండు జట్లూ ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడితే, రిటైరవుతున్నవాడు ఆ దారిలోంచి బయటికి నడుస్తాడు. తరచుగా ఇద్దరు సహచరులు భుజాల మీద మోస్తారు. 2011 ప్రపంచ కప్ గెలిచిన రాత్రి వాంఖడేలో సచిన్‌ను మోసిన దృశ్యం మీరు వీడియోల్లో చూసే ఉంటారు, అలాంటిదే. 2020 గ్రాండ్ ఫైనల్ కోవిడ్ వల్ల బ్రిస్బేన్ గబ్బాలో జరిగింది. గీలాంగ్ ఓడింది, గ్యారీ ఏబ్లెట్ జూనియర్‌కు అది 357వ, ఆఖరి మ్యాచ్. అప్పుడే కప్పు గెలిచిన రిచ్‌మండ్ ఆటగాళ్లు కూడా వచ్చి వరసలో నిలబడి ఆయనకు దారిచ్చారు. మీ జట్టు గెలిచినా ఓడినా, అవతలివాడి ఆఖరి మ్యాచ్ అయితే ఆ పది నిమిషాలు ఉండండి.

కంచె దాటడం గురించి కూడా అడిగారు. 2022 మార్చి 25న సిడ్నీలో లాన్స్ ఫ్రాంక్లిన్ తన వెయ్యో గోల్ కొట్టగానే వేలమంది మైదానంలోకి దూకారు, ఆట అరగంట పైగా ఆగింది. ఈ లీగ్ చరిత్రలో అప్పటికి ఆ మైలురాయి చేరినవాడు ఆయన ఆరోవాడే. అలా జరుగుతుందని నిర్వాహకులకు ముందే తెలుసు. మామూలు రోజున ఆట మధ్యలో లోపలికి వెళ్తే జరిమానా పడుతుంది, గుంపులో చిన్నపిల్లలు నలిగిపోతారు. వెళ్లకండి. కొన్ని మ్యాచ్‌ల తర్వాత జనాన్ని మైదానంలోకి వదిలి బంతి తన్నుకోనిస్తారు, స్పీకర్లో చెబుతారు, అప్పుడు వెళ్లండి.

జెర్సీ మీద సంతకం కావాలంటే లోపల అట్టముక్క పెట్టి గుడ్డ బిగుతుగా చేసి ఇవ్వండి, లేకపోతే గుడ్డ సాగి సంతకం చెదురుతుంది. ముదురు రంగు జెర్సీకి వెండి రంగు పర్మనెంట్ మార్కర్ తీసుకెళ్లండి. సంతకం పెట్టించుకున్నాక పది నిమిషాలు మడవొద్దు.

ఉత్తరం క్లబ్బు చిరునామాకు, ఆటగాడి పేరు మీద పంపితే చాలు. ఒక పేజీ మించొద్దు. "మీరు గొప్ప ఆటగాడు" అని అందరూ రాస్తారు. మీరు మాత్రం ఒక మ్యాచ్, ఒక క్వార్టర్, ఆయన చేసిన ఒక పని ఎంచుకుని అది మీకెందుకు గుర్తుండిపోయిందో రాయండి. జవాబు కావాలంటే మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు లోపల పెట్టండి. హైదరాబాద్ నుంచి పంపేవాళ్లు ఆ లోపలి కవరుకు మన స్టాంపు అంటించకండి, అక్కడ చెల్లదు. కవరు మాత్రం పెట్టండి. సీజన్ అయిపోయాక ఆటగాళ్లు క్లబ్బుకు రావడం తగ్గిపోతుంది, కాబట్టి ఈ వారమే పోస్టు చెయ్యండి.

మీ
పెదనాన్న